మా అమ్మ చూసిన 'అపరాజితో'

మా అమ్మకి బెంగాలీ రాదు, ఇంగ్లీషూ రాదు. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదువుకున్న తెలుగొక్కటే వచ్చు. అలాంటి మనిషి 1992లో ఒక ఆదివారం మధ్యాహ్నం, వైజాగ్ దొండపర్తి రైల్వే క్వార్టర్స్‌లో, పక్కింటివాళ్ళ బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప మీద కూర్చుని సత్యజిత్ రాయ్ తీసిన 'అపరాజితో' మొదటి నుంచి చివరిదాకా చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన సంగతి మాడు వాసన గోడ దాటి వచ్చేదాకా గుర్తు లేదు ఆవిడకి.

ఇప్పటి పిల్లలకి చెప్తే గాని తెలియదు. అప్పట్లో వాల్తేరు డివిజన్ సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేది. పెద్దాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే వచ్చి మేము భువనేశ్వర్ కిందకి పోయేదాకా బదిలీ కాగితమైనా ప్రమోషన్ కాగితమైనా అక్కణ్ణుంచి రావాల్సిందే. కాగితాలతో పాటు మనుషులూ వచ్చేవారు. మా వరసలో ఎనిమిది ఇళ్ళుంటే రెండు బెంగాలీవాళ్ళవి, ఒకటి ఒరియావాళ్ళది. పక్కింటావిడని మేం మాసీ అనేవాళ్ళం. అమ్మ చెల్లెల్ని వాళ్ళు అలా పిలుస్తారట. పిన్ని అని పిలిచినా పలికేది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. తెలుగు బాగానే పట్టుబడింది గానీ 'వ' మాత్రం నోరు తిరగలేదు. మా అమ్మని 'బొదినా' అని పిలిచేది. కొన్నాళ్ళకి మా వరసలో పిల్లలందరికీ మా అమ్మ బొదినత్తయ్య అయిపోయింది.

వాళ్ళిద్దరినీ కలిపింది ఆవాలు. మా అమ్మ పనసపొట్టు కూరలో ఆవ పెడుతుంటే ఆ ఘాటుకి మాసీ వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడిందట, ఎవరో తన పుట్టింటి వంట చేస్తున్నారనుకుని. వాళ్ళు ఆవాలూ పచ్చిమిరపకాయలూ కలిపి నూరి చేపకి పట్టిస్తారు. మా ఇంట్లో చేపంటే పులుసే. ఆవ పెట్టిన చేప నేను మొదట తిన్నది మాసీ చేతి మీదనే. అలా గిన్నెలు అటూ ఇటూ తిరగడంతో మొదలైన స్నేహం పద్నాలుగేళ్ళు నడిచింది. బీచ్ రోడ్డులో కాళీ గుడికి మాసీ వెళ్తే అమ్మ తోడు వెళ్ళేది, సింహాచలం అమ్మ వెళ్తే మాసీ వెళ్ళేది.

నాన్న గూడ్స్ గార్డు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే కేకే లైన్లో పని. బైలదిల్లా ఇనుప ఖనిజం కొండలు దిగి మా ఊరి రేవుకొచ్చి అక్కణ్ణుంచి ఓడెక్కి జపాను పోయేది. నాన్న తెల్ల యూనిఫామ్ మాత్రం ఎర్రగా ఇంటికొచ్చేది. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. నాన్న నల్లటి గార్డు పెట్టెలో జెండాలూ దీపం సర్దుకుంటుంటే అమ్మ క్యారేజీ కట్టేది. ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు, ఇక మాకేం తెలుస్తుంది. మా ఇంట్లో వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూడడం అమ్మ పని, మాసీ పనీ అదే. ఈ సంగతి ముందే చెప్పకపోతే, వాళ్ళిద్దరూ ఆ సినిమాని అంతలా ఎందుకు పట్టుకున్నారో అర్థం కాదు.

ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో రకరకాల భాషల సినిమాలు వేసేవారు, కింద ఇంగ్లీషు అక్షరాలతో. తెలుగు వంతు వచ్చిన వారం తప్ప మా క్వార్టర్స్‌లో వాటిని ఎవరూ చూసేవారు కాదు. సినిమా అంటే జగదాంబ, లీలామహల్, సరస్వతి. పాసుల మీద బతికే ఇళ్ళు కదా, నెలకో సినిమా అంటే గొప్పే. ఆ ఏడాది ఏప్రిల్ 23న రాయ్ పోయారు. ఆస్కార్ గౌరవ పురస్కారం ఆసుపత్రి మంచం మీద నుంచే అందుకుని నెలైనా కాలేదు. ఆ సాయంత్రం మాసీ ఇంట్లో లైటు వెయ్యలేదు. ఒక సినిమా డైరెక్టరు పోతే ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చోవడం నేను అదే చూడడం. ఆ తర్వాత కొన్ని వారాలకి, "బొదినా, ఈ ఆదివారం వంట తొందరగా చేసుకో, ఈ సినిమా నువ్వు చూడాలి" అని వచ్చి చెప్పింది.

నాకప్పుడు పదహారు. ఇంటర్ మొదటి సంవత్సరం అయింది. ఇంగ్లీషు అక్షరాలు చదివి అమ్మకి చెప్పడం నా పనే అనుకుని చాప మీద పక్కన చేరాను. మాసీ నన్ను చెప్పనివ్వలేదు. ఆ అక్షరాల్లో సగం మాట కూడా రాదంది. కుర్చీ వెనక్కి జరిపి, అమ్మ చెవి దగ్గర కూర్చుని తనే చెప్పింది.

కథ కాశీలో మొదలవుతుంది. హరిహర్ గంగ ఒడ్డున పురాణం చెప్పుకునే పేద బ్రాహ్మడు. పెళ్ళాం సర్బజయ, పదేళ్ళ కొడుకు అపు. కూతురు అంతకుముందే, దీనికి ముందు భాగం 'పథేర్ పాంచాలి' సినిమాలోనే పోయింది. "వాళ్ళబ్బాయి పేరేటన్నావు?" అంది అమ్మ. మాసీ వాళ్ళ పలుకుబడిలో "ఒపు" అంది. టీవీలో ఎవరో గట్టిగా పిలిచారు. అమ్మ చెవికి అది అప్పు అని వినిపించింది. "అప్పన్నన్నమాట" అని స్థిరపరిచేసింది. మా వైపు సింహాద్రప్పన్న పేరు లేని ఇల్లు ఉండదు. అప్పన్న, అప్పారావు, అప్పలరాజు, అప్పలనరసమ్మ. మా అమ్మ పెద్దతమ్ముడూ అప్పన్నే. పదిహేనేళ్ళకి ఇల్లొదిలి రంగూనో కలకత్తానో పోయి మళ్ళీ రాలేదు. ఆ క్షణం నుంచి మా అమ్మకి అది బెంగాలీ సినిమా కాదు.

ఆ కాశీ ఇల్లు చూసి అమ్మ ఒక మాటంది. "మబ్బు పట్టిన రోజు మండువాలో ఎలా ఉంటాదో అలాగుంది ఎలుగు." చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఆ ఇల్లు కాశీలోది కాదు, కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. కెమెరామన్ సుబ్రతా మిత్రా పైన తెల్లబట్ట పరిచి, దీపాల వెలుగు నేరుగా పడకుండా దాని మీద పడి కిందకి దిగేలా చేశారట. సినిమా కెమెరా పనిలో అదొక పెద్ద మలుపు అని రాస్తారు. మా అమ్మ చాప మీద నుంచి ఆ బట్టని చూసింది.

హరిహర్ పోతాడు. నోట్లో గంగ పోస్తారు, పావురాలు ఒక్కసారిగా లేస్తాయి. సర్బజయ ఒక కలవారింట్లో వంటకి కుదురుతుంది. కొడుకు ఆ ఇంటాయనకి తెల్లవెంట్రుకలు పీకిపెట్టి చిల్లర పుచ్చుకుంటుంటాడు. వీడు ఇలాగే ఇంకొకరి ఇంట్లో పనివాడైపోతాడని ఆవిడకి గుండెలో పడుతుంది. చుట్టాయన ఉన్న పల్లెకి రైలెక్కేస్తారు. కిటికీలో పొడి నేల పోయి బెంగాల్ పచ్చదనం రాగానే ఆవిడ ముఖంలో చిన్న నవ్వు. అక్కడ మాసీ చెప్పడం ఆపి ముక్కు తుడుచుకుంది. ఖరగ్‌పూర్ వెళ్ళే ప్రతిసారీ తనకీ ఆ కిటికీ వస్తుందట.

అపు బళ్ళో చేరతాడు, బాగా చదువుతాడు, చేతిలో చిన్న భూగోళంతో ఇంట్లో తిరుగుతాడు. కలకత్తా కాలేజీకి పోతానంటాడు. తల్లి వద్దంటుంది. మాటా మాటా పెరిగి చెంప మీద కొడుతుంది. తర్వాత తనే కొడుకుని వెతుక్కుంటూ వెళ్ళి, దాచుకున్న డబ్బు తీసి ఇస్తుంది. "కొట్టిన చెయ్యే ఇచ్చింది" అని అమ్మ మెల్లగా అంది.

అక్కణ్ణుంచి ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ వినిపించలేదు నాకు. అపు పగలు కాలేజీ, రాత్రి ప్రెస్సులో పని. సెలవులకి ఇంటికొస్తే తల్లి వాడికి అన్నం పెట్టి, రాత్రి పక్కన కూర్చుని ఏవేవో చెప్తుంది. నాకు జబ్బు చేస్తే నువ్వు సంపాదించి వైద్యం చేయిస్తావా అని అడుగుతుంది. జవాబు రాదు. చూస్తే వాడు నిద్రపోయి ఉంటాడు. మాసీ ఆ ప్రశ్న దాకా చెప్పింది. ఆ తర్వాత చెప్పలేదు. అమ్మా అడగలేదు.

తిరిగి వెళ్ళేరోజు అపు స్టేషన్‌కి వెళ్తాడు. బండి వస్తుంది. ఎక్కడు. వెనక్కి ఇంటికొచ్చి బండి తప్పిపోయిందంటాడు. మాసీ "ట్రైను పోయింది అంటున్నాడు" అంది. అమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా "పోలేదు. ఒదిలీసేడు" అంది.

ఆ ఒక్కరోజే ఆవిడకి మిగిలింది. తర్వాత జబ్బు ముదురుతుంది. కొడుక్కి రాయనివ్వదు, పరీక్షలున్నాయని. చెట్టుకింద కూర్చుని దూరంగా పోయే రైలు వైపు చూస్తుంటుంది. ఒక రాత్రి కొడుకు పిలిచినట్టనిపించి గుమ్మంలోకొస్తే ఎవరూ ఉండరు, చీకట్లో మిణుగురులు. అపు వచ్చేసరికి అంతా అయిపోతుంది.

సినిమా అయ్యాక మాసీ కళ్ళు తుడుచుకుంటూ ఒక సంగతి చెప్పింది. 1956లో ఇది విడుదలైనప్పుడు వాళ్ళ నాన్న చూసొచ్చి అన్నం తినలేదట. కన్నకొడుకు తల్లి దగ్గర అలా ఉంటాడా, ఇలాంటివి చూపిస్తారా అని కోపం. ఆయనొక్కడికే కాదు, బెంగాల్లో చాలామందికి ఆ సినిమా మింగుడు పడలేదు, సరిగా ఆడలేదు. మరుసటి ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో దానికే పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్ వచ్చింది. "తప్పు అపుది అన్నారు అందరూ" అంది మాసీ.

"ఆడిది కాదు. ఆవిడది" అంది మా అమ్మ.

మాసీ ఆశ్చర్యంగా చూసింది. నేనూ చూశాను. అంతసేపు కదలకుండా చూసిన మనిషి, సర్బజయ కోసం ఏడుస్తుందనుకుంటే.

"రాయాలి కదా. సదువు పాడవుద్దని రాయలేదు, బాగానే ఉంది. మరి ఆ గుంటడు బతికినన్నాళ్ళూ ఎలా నిద్దరోతాడు? మీ అమ్మకి ఒంట్లో బాగోలేదని ఒక ముక్క రాస్తే ఏటయిపోయింది? వస్తాడో రాడో ఆడి ఇష్టం. చెప్పకపోడం మాత్రం తప్పు." అని లేచింది. అప్పుడు వచ్చింది పప్పు మాడిన వాసన.

1993లో నాకు హైదరాబాద్‌లో డిగ్రీ సీటొచ్చింది. ఆడపిల్లని అంతదూరమేంటని నాయనమ్మ, ఊళ్ళో ఆంధ్రా యూనివర్సిటీ ఉండగా ఇంకెక్కడికని చిన్నాన్న. నాన్న ఏమీ అనలేదు, పాసు రాయించాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బండి. అది మా ఊళ్ళోనే బయల్దేరుతుంది కాబట్టి ముందే వెళ్ళి కూర్చోవచ్చు. పక్క ప్లాట్‌ఫాం మీద హౌరా నుంచి మద్రాసు పోయే మెయిలు ఆగి ఉంది. మా స్టేషన్‌లో ఆ లైను బళ్ళు వచ్చిన వైపుకే తిరిగి పోవాలి. ఇంజను ఇటు తీసి అటు తగిలిస్తారు. నిద్రలోంచి లేచిన వాళ్ళు బండి వెనక్కి పోతోందని కంగారుపడేవారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఎన్నోసార్లు చూశాను ఆ తగిలించడం. ఆ రోజు కిటికీలోంచి అదే చూస్తూ కూర్చున్నాను, అమ్మ ముఖం చూడకుండా. బండి కదిలేముందు అమ్మ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి, "ఒంట్లో బాగోకపోతే రాయి. నేనూ రాస్తాను" అంది. అందరు తల్లులూ అనే మాటే అనుకున్నాను.

వారానికొక నీలం ఇన్‌లాండ్ లెటర్ వచ్చేది. మా హాస్టల్లో అందరి ఉత్తరాల్లోనూ ఊరి కబుర్లుండేవి, పెళ్ళి సంబంధాలుండేవి. మా అమ్మ ఉత్తరం వేరు. "ఎడమ మోకాలు నొప్పి, మెట్లెక్కితే ఎక్కువ. మొన్న రెండు రోజులు జ్వరం. మాత్ర వేసుకున్నాను. ఇప్పుడు లేదు. మీ నాన్నకి దగ్గు, రాత్రిపూట. మీ నాయనమ్మకి ఒక పన్ను ఊడింది." చివర్లో సంతకం ముందు ప్రతిసారీ ఒకటే వాక్యం. "ఇంతే. దాచలేదు."

పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ ఉత్తరాలు బరువు. పక్క మంచం పిల్ల అడిగితే చదివి వినిపించడానికి సిగ్గు. ఇంటికి రమ్మని ఏడవకుండా ఇలా రోగాలు రాసి రప్పించాలని చూస్తోందని కూడా ఒకసారి అనుకున్నాను, రాస్తుంటే ఇప్పుడు చెయ్యి ఆడడం లేదు. రెండో ఏడాది పరీక్షల ముందు వచ్చిన నాలుగైదు ఉత్తరాలు విప్పకుండా పుస్తకాల కింద పెట్టేశాను. అయ్యాక చదువుదామని. తర్వాత మర్చిపోయాను.

సెలవులకి వెళ్తే గుమ్మంలో నాన్న కుర్చీ మీద, కాలు స్టూలు మీద, మోకాలిదాకా పిండికట్టు. అరకు పైన ఏదో స్టేషన్‌లో రాత్రి వానలో బ్రేకువ్యాన్ దిగుతూ జారి పడ్డాడట. నెల దాటింది. నేను సంచి కింద పడేసి "నాకు చెప్పలేదేంటి" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతికి ఆవపిండి ఉంది.

"రాసేను కదా" అంది. అంతే. ఇంకో మాట అనలేదు, తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆ రాత్రి నాన్న పక్కన నేల మీద పడుకున్నాను. నిద్ర పట్టలేదు. టీవీలో నిద్రపోతున్న కుర్రాడూ, వాడి పక్కన అడుగుతూ కూర్చున్న మనిషీ. హైదరాబాద్ తిరిగి వెళ్ళాక ఆ ఉత్తరాలన్నీ తేదీల వరసలో పెట్టి విప్పాను. నాన్న కాలు మూడో దాంట్లో ఉంది. "ఎముక విరిగింది. కంగారు పడకు. పరీక్షలు రాసి రా. రావాలనిపిస్తే ఇప్పుడే రా. ఏదైనా నీ ఇష్టం. ఇంతే. దాచలేదు." అప్పటి నుంచి ఒక్క ఉత్తరం పారెయ్యలేదు.

నాన్న రిటైరయ్యాక గోపాలపట్నంలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. మాసీ వాళ్ళు ఖరగ్‌పూర్ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆవిడ లేదు. ఉత్తరాలన్నీ నేను నాన్న గార్డు పెట్టెలో పెట్టి అమ్మ దగ్గరే ఉంచాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ రెక్కలు ఊడిపోయి వాన ఇంట్లోకి కొట్టింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. మూడోరోజుకి నేను చేరేసరికి అమ్మ వసారాలో బట్టల తాడు కట్టి, ఇన్‌లాండ్ లెటర్లు ఒక్కొక్కటే క్లిప్పు పెట్టి ఆరేస్తోంది. కొన్నింట్లో సిరా అంతా కారిపోయి నీలం మీద నీలం. ఆ చెరిగిన వాటిని కూడా పారెయ్యనివ్వలేదు. వాటిలో ఏమున్నాయో తనకి గుర్తే అంది. నిజంగానే కొన్ని చదివినట్టు చెప్పింది.

ఆ సినిమా నెగటివ్‌లదీ దాదాపు అలాంటి కథే. నేను హైదరాబాద్ బండెక్కిన 1993లోనే లండన్‌లో ఒక ల్యాబ్‌లో మంటలు రేగి అవి కాలిపోయాయి. మాడిన రీళ్ళని పారెయ్యకుండా దాచి ఉంచితే, ఇరవయ్యేళ్ళ తర్వాత ఇటలీలోని బొలోన్యాలో పెళుసుబారిన ఫిల్ముకి మళ్ళీ మెత్తదనం తెప్పించి, చిరిగిన చోట్ల చేత్తో అతికించి బాగుచేశారు. 'అపరాజితో'లో సగానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే తిరిగొచ్చింది. 2015లో కొత్త ప్రింటు వచ్చింది. దాని గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది వసారాలో తాడే.

ఇంకొకటి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2009లో నాకు ఒక ఆపరేషన్ అయింది. పెద్దదే. అమ్మకి చెప్పలేదు. నాన్న పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు, ఒక్కతే ఉంది, ఎందుకు కంగారుపెట్టడం అనుకున్నాను. రోజూ ఆసుపత్రి మంచం మీద నుంచే ఫోన్ చేసి, ఆఫీసులో పని ఎక్కువగా ఉందన్నాను. మూడు నెలల తర్వాత మా ఆయన నోరు జారాడు. అమ్మ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు తనే చేసింది. "నేను అన్నీ రాసేను. మోకాలు నొప్పి కూడా రాసేను. నువ్వు దాచేవు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏమైనా అంటే ఏడుపొస్తుందని ఊరుకున్నాను. "సరే. ఇప్పుడెలాగుంది? మొత్తం చెప్పు" అంది. మొత్తం చెప్పాను. గంట పట్టింది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ కొత్త ప్రింటు పెట్టాను. దానికి ఇప్పుడు పదిహేడు, ఎక్కడో దూరం వెళ్ళి చదవాలని దాని తొందర. అమ్మకి డెబ్బై ఏడు. కళ్ళజోడు తుడుచుకుని దాని పక్కన చాప మీద కూర్చోలేక మంచం మీద కూర్చుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, పిల్ల చదువుకోగలదు. అయినా అమ్మ ఊరుకోలేదు. "అదిగో, ఆడే అప్పన్న. ఆళ్ళ నాన్న పోతాడిప్పుడు. పావురాలు చూడు." ముప్పై మూడేళ్ళ కింద మాసీ చెవిలో చెప్పిన మాటలు, అదే వరసలో, అక్కడక్కడా మాసీ పలుకుతో సహా. బండి కిటికీలో పచ్చదనం వచ్చినచోట మాసీ ఆగినట్టే ఆగింది. బండి తప్పిందని వాడంటే, "ఒదిలీసేడు" అంది. తల్లి అడుగుతుంటే వాడు నిద్రపోయే చోట ఏమీ చెప్పలేదు. పిల్ల అక్షరాలు చదువుకుంది.

మిణుగురులు వచ్చి పోయాయి. పిల్ల ల్యాప్‌టాప్ ఆపి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం వైపు తిరిగి, "అమ్మమ్మా, అంత జబ్బుగా ఉంటే ఆవిడ కొడుక్కి చెప్పలేదెందుకు?" అంది.

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూ నా వైపు చూసింది.

"అది మీ అమ్మనడుగు" అంది.